గోల్ఫ్‌లో గ్రీన్ పక్కనుంచి చిప్ కుదరడం లేదు, 60 డిగ్రీల వెడ్జ్ కొనాలా?

విశాఖ ఆటగాడు:
నా హ్యాండిక్యాప్ 22, అంటే ఆటగాడిగా ఇంకా సాదాసీదా స్థాయే. పార్ ఫోర్‌లో (నాలుగు షాట్లలో ముగించాల్సిన హోల్‌లో) రెండో షాట్‌కే చాలాసార్లు గ్రీన్ (జెండా, రంధ్రం ఉండే పొట్టి గడ్డి చోటు) అంచుకి చేరతాను. గొడవంతా అక్కడి నుంచే. చిప్ చేద్దామని (బంతిని కొంచెం లేపి గ్రీన్ మీద దొర్లిద్దామని) ముఖం 56 డిగ్రీల ఏటవాలుగా ఉండే శాండ్ వెడ్జ్ క్లబ్ తీస్తే, ఒకసారి క్లబ్ బంతి వెనక నేలలో దిగబడుతుంది, ఇంకోసారి క్లబ్ అంచు బంతి మధ్యలో తగిలి, బంతి గ్రీన్ అవతలికి దూసుకుపోతుంది. 60 డిగ్రీలది కొనమని మాతో ఆడే ఒకాయన అంటున్నారు. కొనమంటారా?

కోట పక్క గోల్ఫర్:
ఇప్పుడే వద్దండి. అంత ఏటవాలు ముఖమున్న క్లబ్‌తో వెంట్రుకవాసి తేడా వచ్చినా బంతి మాట వినదు. మీ బ్యాగులోని 8 ఐరన్ తీయండి, దాని ముఖం వెడ్జ్ అంత ఏటవాలు కాదు. పాదాలు దగ్గరగా, బరువు ఎడమ కాలి మీద, బంతి కాస్త కుడి పాదం వైపు. మణికట్టు విదల్చకుండా, పట్టింగ్ చేసినట్టే (గ్రీన్ మీద బంతిని దొర్లించినట్టే) భుజాలతో ఊపండి. బంతిని గాల్లోకి లేపే పని క్లబ్ చూసుకుంటుంది, మీరు లేపబోవద్దు.

చూపు జెండా మీద కాదు, బంతి పడాల్సిన చోటు మీద ఉండాలి. గ్రీన్ లోపల ఓ మీటరు దూరంలో ఒక మచ్చ ఎంచుకోండి. చదును గ్రీన్ మీద 8 ఐరన్‌తో బంతి ఒక వంతు దూరం గాల్లో, సుమారు మూడు వంతులు నేల మీద దొర్లుతూ వెళ్తుంది. పిచింగ్ వెడ్జ్‌తో ఒకటికి రెండు. నేల వాలుని బట్టి ఈ లెక్క మారుతుంది.

ఇంకో మాట: మన బెర్ముడా గడ్డి గ్రీన్ల మీద గడ్డి మొనలు ఎటు వాలాయో చూడటం తప్పనిసరి. మెరుస్తూ కనిపిస్తే మొనలు అవతలికి వాలి ఉన్నట్టు, బంతి జారిపోతుంది. ముదురుగా కనిపిస్తే ఎదురు గడ్డి, కాస్త గట్టిగా కొట్టాలి. మీ కోర్సు క్యాడీలకి ఇది కొట్టినపిండి, అడగండి.

1938లో అమెరికా ప్రొఫెషనల్ గోల్ఫర్ల పీజీఏ చాంపియన్‌షిప్ ఫైనల్లో శామ్ స్నీడ్ డ్రైవ్‌లు పాల్ రన్యన్ బంతిని ఎంతో దూరం దాటి పడేవి. అయినా గెలిచింది రన్యనే, 8 అండ్ 7 తేడాతో, అంటే ఇంకా ఏడు హోల్స్ మిగిలుండగానే ఎనిమిది హోల్స్ ఆధిక్యంతో. గ్రీన్ చుట్టూ ఆయన నేర్పు అలాంటిది. నాకు గోల్ఫ్‌లో అంతకన్నా ఇష్టమైన మ్యాచ్ లేదు.

గట్టినేల:
క్లబ్ నేలలో దిగబడటానికి మందు: బంతి వెనక జానెడు దూరంలో టవల్ మడిచి పెట్టి, దానికి తగలకుండా చిప్ చేయండి. బంతి మధ్యలో తగలడానికి బౌన్స్ (క్లబ్ అడుగు ఉబ్బు) కూడా కారణం కావచ్చు. శాండ్ వెడ్జ్ అడుగున ఉబ్బు ఎక్కువ. బంకర్‌లో (ఇసుక గుంటలో) అదే కాపాడుతుంది, ఎండకి బిగుసుకున్న నేల మీద మాత్రం క్లబ్‌ని పైకి ఎగరగొడుతుంది. అంచు గడ్డి పొట్టిగా ఉంటే పట్టరే తీయండి, నామోషీ ఏమీ లేదు.

విశాఖ ఆటగాడు:
థాంక్సండీ. మరి బంతి దట్టమైన రఫ్‌లో (పొడుగు గడ్డిలో) ఉండి, జెండా దగ్గరగా ఉంటే?

కోట పక్క గోల్ఫర్:
అప్పుడు 56 తీయండి. ముఖం కాస్త తెరిచి, ఎడమ చేతి చివరి మూడు వేళ్లు బిగించండి, లేకపోతే గడ్డి క్లబ్‌ని తిప్పేస్తుంది. మధ్యలో ఆపకుండా పూర్తిగా ఊపండి. జెండాని పది అడుగులు దాటినా ఫర్వాలేదు, బంతి గ్రీన్ మీద ఉంటే చాలు.