కళ్లకు బదులు చెవి కమ్మలు స్పష్టంగా వస్తున్నాయి: లోపం లెన్సుదా, కెమెరాదా?

ప్రశ్న (ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం)

అందరికీ నమస్కారం. ఆదివారం తెల్లవారుజామున ఫిషింగ్ హార్బరుకు వెళ్లి, చేపలమ్మే మహిళల అనుమతితో వారి ముఖచిత్రాలు తీస్తుంటాను. ఏపీఎస్-సీ సెన్సరున్న (బొమ్మ పడే ఫలకం ఫుల్ ఫ్రేము కంటే చిన్నది) డీఎస్ఎల్ఆర్ (లోపల అద్దమున్న కెమెరా), 50 మి.మీ. ఎఫ్/1.8 లెన్సు (ఎఫ్ పక్కన అంకె చిన్నదైతే లెన్సు రంధ్రం పెద్దది) వాడుతున్నాను. ఒకటిన్నర మీటరు దూరం నుంచి మధ్య ఫోకస్ బిందువును కంటిపై నిలిపి, షట్టరు సగం నొక్కిపట్టి, ఆ తరువాత ఫ్రేము సరిచేసుకొని తీస్తాను. ఇంటికి వచ్చి పెద్ద తెరపై చూస్తే కళ్లు మసకగా, చెవి కమ్మల నగిషీ మాత్రం స్పష్టంగా కనిపిస్తున్నాయి. లైవ్ వ్యూలో, అంటే కెమెరా వెనక తెరపై చూస్తూ తీసినప్పుడు ఈ ఇబ్బంది దాదాపు లేదు. అయితే దూరపు దృశ్యాలు తీసే 70-300 మి.మీ. లెన్సుతో కైలాసగిరి మీది నుంచి మధ్యాహ్నం పూట సముద్రంలో లంగరు వేసిన ఓడలను తీస్తే, లైవ్ వ్యూలో కూడా మసకగానే వస్తున్నాయి. మన ఊరి తేమకు రెండు లెన్సులకూ బూజు పట్టిందేమోనని భయంగా ఉంది. ఒక పెద్దావిడ తన ఫొటో ప్రింటు అడిగారు. కళ్లు సరిగా లేని బొమ్మను ఆమె చేతిలో పెట్టడానికి మనసొప్పడం లేదు.

సమాధానం (గాజువాక)

మీరు చెప్పినవి రెండు వేర్వేరు సమస్యలని నా అభిప్రాయం. ముఖచిత్రాల సంగతి ముందు చూద్దాం.

వ్యూఫైండరుతో (కన్ను ఆనించి చూసే కిటికీ) తీసేటప్పుడు కాంతిలో కొంత భాగం ప్రధాన అద్దం గుండా వెళ్లి, దాని వెనకనున్న చిన్న అద్దం మీద పడి, కెమెరా అడుగున ఉన్న ఫోకస్ సెన్సరుకు చేరుతుంది. ఆ దారి పొడవు, బొమ్మ పడే సెన్సరు దాకా ఉన్న దారి పొడవుతో సమానంగా ఉండాలి. వెంట్రుకవాసి తేడా ఉన్నా కెమెరా సరిగ్గా కుదిరిందనుకున్న ఫోకస్ ముందుకో వెనక్కో పడుతుంది. లైవ్ వ్యూలో బొమ్మ పడే సెన్సరే ఫోకస్‌ను నిర్ణయిస్తుంది కాబట్టి ఆ తేడాకు చోటు లేదు.

అయితే కెమెరాను తప్పు పట్టే ముందు మీ పద్ధతిని కూడా చూడాలి. మీరు చెప్పిన దూరంలో, ఎఫ్/1.8 వద్ద, స్పష్టంగా వచ్చే లోతు మొత్తం ఆరు సెంటీమీటర్ల పైచిలుకు, అంటే కంటికి ముందు మూడు, వెనక మూడు మాత్రమే. ఫోకస్ పట్టాక కెమెరాను 10 డిగ్రీలు తిప్పితే ఫోకస్ తలం (స్పష్టంగా వచ్చే పొర) కంటికి రెండు సెంటీమీటర్లకు పైగా వెనక్కి జరుగుతుంది. దానికి మీ ఒంటి ఊగు తోడైతే చాలు. అందుకని ముందుగా కంటిపై పడే బిందువునే ఎంచుకొని తీసి చూడండి.

అప్పటికీ తేడా ఉంటే ట్రైపాడ్‌పై పరీక్షించండి. గోడకు అచ్చు అక్షరాల కాగితం అతికించి, దానికి ఎదురుగా, వంపు లేకుండా, రెండున్నర మీటర్ల దూరంలో కెమెరా నిలపండి. ఏటవాలుగా పెట్టిన స్కేలుపైనే ఫోకస్ చేయకండి; ఫోకస్ సెన్సరు చూసే చోటు వ్యూఫైండరులో కనిపించే చిన్న గడి కంటే పెద్దది, అది స్కేలులో ఏ గీతను పట్టుకుందో చెప్పలేం. ప్రతిసారీ ఫోకస్‌ను చెడగొట్టి, మళ్లీ పట్టి, పది ఫొటోలు తీసి లైవ్ వ్యూ ఫొటోతో పోల్చండి. పదీ ఒకే వైపు తప్పితే దిద్దవచ్చు. ఒక్కొక్కటి ఒక్కో తీరుగా తప్పితే మాత్రం ఏ దిద్దుబాటూ పనిచేయదు. ఫోకస్ ఫైన్ ట్యూన్ (ఫోకస్‌ను ముందుకో వెనక్కో దిద్దే అమరిక) ఉన్న చాలా కెమెరాల్లో −20 నుంచి +20 దాకా విలువలు ఉంటాయి. మీకు ఫోకస్ వెనక పడుతోంది కాబట్టి మైనస్ వైపు జరపాలి. ప్రారంభ స్థాయి కెమెరాల్లో చాలావాటికి ఈ సదుపాయం ఉండదు. అప్పుడు కెమెరానూ లెన్సునూ కలిపి సర్వీసుకు ఇవ్వండి, ఒక్కదాన్నే ఇస్తే లాభం తక్కువ.

సమాధానం (భీమిలి)

పై సలహాకు ఒక చేర్పు: పరీక్ష పగటి వెలుగులో చేయండి. పసుపు బల్బుల కింద కొన్ని కెమెరాల ఫోకస్ కాస్త మారుతుంది, ఆ లెక్క హార్బరులో పొద్దున పనికి రాకపోవచ్చు.

ఇక ఓడలు. అది చాలావరకు లెన్సు తప్పు కాదు, మధ్యలో ఉన్న గాలి తప్పు. ఎండకు వేడెక్కిన గాలి పొరలు కాంతిని అటూ ఇటూ వంచుతాయి, కిలోమీటర్ల దూరంలో ఓడ అంచులు అలల్లా కదులుతాయి. వరుసగా పది ఫొటోలు తీసి ఓడ అంచును గమనించండి. ఒక్కో ఫొటోలో ఒక్కో చోట వంకర పోతే అది గాలే. సూర్యోదయమైన కొద్దిసేపటికి మళ్లీ తీయండి. బూజు ఫోకస్‌ను వెనక్కి జరపదు, బొమ్మంతటినీ వెలిసినట్లు చేస్తుంది. లెన్సు గుండా టార్చి వేస్తే సాలెగూడు వంటి పోగులుగా కనిపిస్తుంది. ఇంకో మాట, ఏసీ కారులోంచి దిగీ దిగగానే తీయకండి, గాజుపై తేమ పట్టేస్తుంది.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. టార్చి వేసి చూశాను, రెంటిలోనూ పోగులు లేవు. కంటిపై బిందువు పెట్టి తీస్తే సగం సమస్య పోయింది. గోడ పరీక్షలో పదికి తొమ్మిది వెనక్కే పడ్డాయి, −7 దగ్గర కుదిరింది. పొద్దున ఆరున్నరకు తీసిన ఓడ ఫొటోలో తాళ్లు కూడా విడివిడిగా కనిపిస్తున్నాయి. పెద్దావిడకు నిన్న ప్రింటు ఇచ్చాను. ఈసారి తన మనవరాలితో కలిపి తీయమన్నారు. ఇద్దరు మనుషులు ముందువెనకలుగా కూర్చుంటే ఎఫ్/4 సరిపోతుందా, లెన్సు రంధ్రాన్ని ఇంకా మూయాలా?