వీణ ఇక్కడ మోగుతోంది, డాలస్‌లో మాయమవుతోంది

వీణ టీచర్, విజయనగరం:
నమస్కారమండీ. నాకు 58 ఏళ్లు. 26 ఏళ్లుగా ఇంట్లోనే వీణ నేర్పుతున్నాను. కరోనా టైము నుంచి కొందరు పిల్లలు వీడియో కాల్‌లో నేర్చుకుంటున్నారు. వాళ్లలో ఒక పాప డాలస్‌లో ఉంటుంది, 14 ఏళ్లు. మాకు శనివారం పొద్దున్న ఆరున్నర అంటే వాళ్లకి శుక్రవారం రాత్రి 8 గంటలు. చిక్కంతా ఆ క్లాసుతోనే.

నేను మాట్లాడితే చక్కగా వినపడుతుందట. వీణ మీటగానే మొదటి దెబ్బ వినపడి, ఆ తర్వాత నాదం ఎవరో పీక నొక్కినట్టు ఆగిపోతుందట. నాది బొబ్బిలి వీణ, పనస చెక్కది. ఒకసారి మీటితే నాదం చాలాసేపు నిలుస్తుంది. తోడి రాగంలో గాంధారం, అంటే 'గ' స్వరం, తీగ లాగి చూపిస్తుంటే "టీచర్, ఆపేశారా?" అని అడుగుతోంది పాప. గమకం, అంటే స్వరాన్ని ఊపే ఆ ఊపు, ఉండేదే ఆ నిలిచే నాదంలో కదండీ! ఆధార శ్రుతిని ఆగకుండా మోగించే శ్రుతి బాక్స్ సంగతి మరీ విడ్డూరం. పెట్టిన మూడు నాలుగు సెకన్లు వినపడి మాయమైపోతుందట. ఇక్కడ నా పక్కన గుయ్యిమంటూనే ఉంటుంది.

రెండోది. క్లాసు మధ్యలో నా బొమ్మ ఆగిపోయి, మాట ముక్కలు ముక్కలుగా వెళ్తుంది. ప్రతి వారం ఇంచుమించు ఒకే టైముకి, ఆరూ యాభై ప్రాంతంలో, రెండు నిమిషాల పాటు. ఫైబర్ నెట్, 100 ఎంబీపీఎస్ ప్లాను. రౌటరు ముందు గదిలో టీవీ వెనకాల ఉంది. నేను కూర్చునేది వెనక పూజ గదిలో. మధ్యలో వంటిల్లు.

మా అబ్బాయి బ్లూటూత్ ఇయర్‌ఫోన్లు పంపాడు. అవి పెట్టుకుంటే ఇంకా అన్యాయం, పాప వీణ రేకు డబ్బా వాయించినట్టుంది. ఇప్పుడు ల్యాప్‌టాప్ మార్చెయ్యమంటున్నాడు. కొని ఐదేళ్లయింది, బానే ఉందండీ. మార్చకుండా దారి ఉందా?

స్టూడియో కుర్రాడు:
అమ్మా, మంచి కండెన్సర్ మైకు, దాన్ని ల్యాప్‌టాప్‌కి కలిపే ఒక ఆడియో ఇంటర్‌ఫేస్ కొనుక్కోండి. తేడా మీకే తెలుస్తుంది.

నైట్ షిఫ్ట్, హైదరాబాద్:
ఇప్పుడే ఏమీ కొనకండి టీచర్ గారూ. ఎంత ఖరీదైన మైకు పెట్టినా యాప్ ఆ నాదాన్ని మళ్లీ కోసేస్తుంది. వీడియో కాల్ యాప్‌లన్నీ ముందుగా మనిషి మాట కోసం చేసినవి. మాట ఆగి ఆగి వస్తుంది, హెచ్చుతగ్గులుంటాయి. ఆగకుండా ఒకే తీరుగా వచ్చే చప్పుడంటే వాటి లెక్కలో ఫ్యానో ఏసీయో. మీ శ్రుతి బాక్స్‌ని కూడా ఫ్యాను కింద జమకట్టేస్తున్నాయి. మొదట మూడు నాలుగు సెకన్లు వినపడుతోందన్నారు కదా, ఆ తేల్చుకోవడానికి పట్టే టైమే అది. వీణ నాదం సన్నబడుతూ పోయే చోటా ఇదే కథ.

జూమ్ అయితే సెట్టింగ్స్‌లో ఆడియోలోకి వెళ్లి "ఒరిజినల్ సౌండ్ ఫర్ మ్యుజీషియన్స్" ఎంచుకోండి. దాని కిందే "హై ఫిడెలిటీ మ్యూజిక్ మోడ్" ఉంటుంది, అక్కడా టిక్ పెట్టండి. అంతటితో అయిపోదు. కాల్‌లోకి వెళ్లాక తెర పైభాగంలో ఒరిజినల్ సౌండ్ బటన్ కనపడుతుంది, అది ఆన్‌లో ఉండాలి. చాలామంది అక్కడే మర్చిపోతారు. గూగుల్ మీట్ అయితే ఆడియో సెట్టింగ్స్‌లో నాయిస్ క్యాన్సిలేషన్ ఆపెయ్యడమే. పాప వైపు కూడా ఇదంతా చెయ్యాలి, లేకపోతే తన వీణ మీకు తెగిపోతూనే ఉంటుంది.

బ్లూటూత్‌వి పాట వినేటప్పుడు ఒక పద్ధతిలో నడుస్తాయి. వాటి మైకు కూడా వాడటం మొదలయ్యాక ఫోన్ మాటల పద్ధతిలోకి దిగిపోతాయి. అందులో మామూలుగా 8 కిలోహెర్ట్జ్ పైనుండే సన్నటి హెచ్చు ధ్వనులేవీ రావు, పాతవాటిలో 4 దాటదు. తీగ మెరుపు పోయేది అక్కడే. వైరున్న ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, మైకుగా ల్యాప్‌టాప్‌దే ఎంచుకోండి.

ఆరూ యాభైది మాత్రం నెట్ స్పీడు గొడవ కాదనిపిస్తోంది. ఇద్దరి మధ్య హెచ్‌డీ వీడియోకి జూమ్ అడిగేది 1.2 ఎంబీపీఎస్, మీకు వంద ఉంది. ఆ టైముకి ఇంట్లో ఎవరేం చేస్తున్నారో ఓసారి చూడండి.

మృదంగం, తిరుపతి:
టీచర్ గారూ, ఇద్దరూ కలిసి వాయిస్తుంటే గనక మానెయ్యండి. దాన్ని ఏ సెట్టింగూ బాగుచెయ్యలేదు. ఫైబర్ కేబుల్లో కాంతి సెకనుకి దాదాపు రెండు లక్షల కిలోమీటర్లే పోతుంది. ఇక్కడి నుంచి టెక్సాస్‌కి రానూ పోనూ పావు సెకను సులువుగా పడుతుంది, యాప్ చేసే ఆలస్యం దానికి అదనం. ఆది తాళంలో అంత తేడా వస్తే ఇంకేముంది! ఏడాది పాటు న్యూజెర్సీ కుర్రాణ్ణి "తాళం తప్పుతున్నావురా" అని తిట్టాను నేను. పాపం, వాడు అక్కడ సరిగ్గానే వేస్తున్నాడు. ఇప్పుడు నేను వాయించినంతసేపూ వాడు మైకు ఆపుకుంటాడు, తర్వాత వాడొక్కడే వాయిస్తాడు. శ్రుతి కూడా మీది అక్కడికి పంపక్కర్లేదు. పాప ఫోన్‌లో తంబురా యాప్ వేసుకుని మీ శ్రుతికే పెట్టుకుంటే సరి.

వీణ టీచర్, విజయనగరం:
ఆరూ యాభై దొంగ దొరికాడండీ. మా వారే. మొదటి కాఫీ పేపరు చదువుతూ చల్లార్చేసుకుని, సరిగ్గా ఆ వేళకి మైక్రోవేవ్ ఓవెన్‌లో వేడి చేసుకుంటారు. నిన్న ఓవెన్ మోత విన్నాను, అదే క్షణంలో బొమ్మ ఆగింది. దానికీ దీనికీ ఏమిటి సంబంధం? మా వారు ఒప్పుకోవట్లేదు.

నైట్ షిఫ్ట్, హైదరాబాద్:
సంబంధం ఉంది, సార్‌కి చెప్పండి. ఓవెన్ 2.45 గిగాహెర్ట్జ్ దగ్గర పని చేస్తుంది. వైఫైలో 2.4 అనేది కూడా అక్కడే. ఓవెన్ నుంచి కొంచెం బయటికి వచ్చినా చాలు, రౌటరుకీ మీకూ మధ్యలో ఉంది కాబట్టి మీ మాట మునిగిపోతుంది. రౌటరులో 5 గిగాహెర్ట్జ్ ఉంటే దానికి మారండి. గోడలు దాటి అందకపోతే లాన్ కేబుల్ లాగించండి.

వీణ టీచర్, విజయనగరం:
ఇంకో రెండు శనివారాలు చూసి రాస్తున్నాను. 5 పూజ గదిదాకా అందలేదు. 15 మీటర్ల కేబుల్ తెప్పించి గుమ్మం వారగా లాగించాం. బొమ్మ ఆగట్లేదు, మా వారి కాఫీ కూడా ఆగలేదు.

మొదటి వారం ఆ ఒరిజినల్ సౌండ్ బటన్ నొక్కడం నేనూ మర్చిపోయాను. సెట్టింగ్స్‌లో టిక్ పెట్టాక కూడా ఏం మారలేదేమిటని అరగంట తల పట్టుకున్నాను. నిన్న ఆన్ చేసి గాంధారం మీటితే పాప చివరిదాకా వింది. "టీచర్, ఇది ఊగుతుందా!" అంది. రెండేళ్లుగా నేర్పుతున్నానండీ, ఇన్నాళ్లూ తను వాయించింది ఊపు లేని గాంధారం. తప్పు పట్టి ఎన్నిసార్లు కసురుకున్నానో. ఇయర్‌ఫోన్లు మా పాత ఫోన్‌తో వచ్చినవే బీరువాలో దొరికాయి. అబ్బాయి పంపినవి మా వారు వాకింగ్‌కి వాడుకుంటున్నారు.

ఒక్కటే ఇబ్బంది. ఇప్పుడు ఇంట్లో చప్పుళ్లన్నీ కూడా అమెరికా వెళ్తున్నాయి. ఫ్యాను ఆపుకుని కూర్చుంటున్నాను గానీ వంటింట్లో కుక్కరుని ఆపలేను కదా. నిన్న క్లాసు మధ్యలో పాప వాళ్ల అమ్మ వెనక నుంచి కేకేసింది: "టీచర్ గారూ, మూడు విజిల్స్ అయ్యాయి, స్టవ్ కట్టెయ్యండి."