బోన్‌ఫిష్ అనే చేప కోసం సీషెల్స్ వెళ్తున్నాం, గాలిలో కాస్టింగ్ (గాలం లైన్ విసరడం) గురించి సలహా కావాలి

నేనూ మా ఫ్రెండూ నవంబర్‌లో సీషెల్స్‌లోని అల్ఫాన్స్ దీవికి వెళ్తున్నాం, పక్కనే ఉన్న సెయింట్ ఫ్రాంస్వా అటాల్‌లో (వలయంలా ఉండే పగడపు దీవి) మోకాలి లోతు నీళ్లలో నడుస్తూ ఫ్లై రాడ్‌తో (తేలికైన నకిలీ ఎరను లైన్ బరువుతోనే విసిరే గాలం కర్ర) బోన్‌ఫిష్ పట్టాలని ప్లాన్. ఇద్దరికీ కలిపి ఒకడే గైడ్. 9 అడుగుల 8 వెయిట్ (రాడ్‌కి సరిపడే లైన్ బరువు నంబరు) రాడ్లు, క్రేజీ చార్లీ, గాట్చా అనే రకాల ఫ్లైలు (నకిలీ ఎరలు) కొన్నాం.

అసలు సమస్య ప్రాక్టీసు. హైదరాబాద్‌లో సముద్రం ఎక్కడిది చెప్పండి, పొద్దున్నే కాలనీ గ్రౌండ్‌లో హుక్ తీసేసి ఊలు ముక్క కట్టి విసురుతున్నాం, వాకింగ్‌కి వచ్చే అంకుల్స్ రోజూ ఆగి మరీ "ఏం పడుతున్నాయి బాబూ" అని అడుగుతున్నారు. గాలి లేకపోతే లైన్ బాగానే వెళ్తోంది, ఎదురుగాలి వస్తే మాత్రం కుప్పగా పడిపోతోంది. డబుల్ హాల్ (వెనక్కీ ముందుకీ విసిరేటప్పుడు రెండో చేత్తో లైన్‌ని లాగి వేగం పెంచడం) మీదే ఎక్కువ టైం పెట్టాలా, లేక దూరం తగ్గినా పర్లేదు, చేప కనిపించగానే త్వరగా వేయడం నేర్చుకోవాలా? నాకైతే రెండోదే కరెక్ట్ అనిపిస్తోంది, వాడు ఒప్పుకోవట్లేదు.

ఇంకోటి, నాకు సైటు ఉంది. ఆ చేప ఒళ్లంతా అద్దంలా ఉంటుంది కాబట్టి నీళ్లలో దాని నీడే ముందు కనిపిస్తుందంటారు. పోలరైజ్డ్ పవర్ గ్లాసెస్ చేయించుకోవాలి, రాగి రంగు లెన్స్ మంచిదా, గ్రేనా?

పోటెక్కే టైంలో ఇద్దరూ వంతులు వేసుకోవాలా, విడివిడిగా నడవాలా? వెళ్లొచ్చినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి ప్లీజ్.