బ్రెజిల్‌లో ‘పార్దు’లను నల్లవారి లెక్కలో కలపడం సబబేనా?

సుభద్ర_వి:
2022 జనగణనలో బ్రెజిల్ జనం తమ రంగు ఏమిటో తామే చెప్పుకున్నారు. 45.3 శాతం పార్దు, అంటే మిశ్రమ సంతతి. 43.5 శాతం తెల్లవారు, 10.2 శాతం నల్లవారు. 2010 నాటి జాతి సమానత్వ చట్టం పార్దులనీ నల్లవారినీ కలిపి ‘నెగ్రు’ జనాభా అంటుంది. ఆ లెక్కన దేశంలో సగానికి పైగా వాళ్ళే. నా దృష్టిలో ఇది న్యాయమైన లెక్క. దాదాపు 48 లక్షల మంది ఆఫ్రికన్లను ఓడల్లో తెచ్చి దింపుకున్న నేల అది. 1888 మే 13న బానిసత్వం రద్దు చేసిన చట్టంలో ఉన్నవి రెండే అధికరణాలు. సెంటు భూమి ఇవ్వలేదు, చిల్లిగవ్వ పరిహారం లేదు. సర్కారు భూమి కావాలంటే కొనుక్కోవాల్సిందేనని 1850లోనే చట్టం చేసి పెట్టుకున్నారు. ఆ లేమి ముదురు రంగు వాళ్ళకీ, కాస్త లేత రంగు వాళ్ళకీ ఒకేలా సంక్రమించింది.

నర్సాపురం నారాయణ:
పార్దు అంటే మన చామనచాయే కదా? ఆ మాట వాడితే అందరికీ అర్థమవుతుంది.

రామ్‌కీ_కాంపీనాస్:
సుభద్ర గారూ, నేను ఇక్కడ బ్రెజిల్‌లోనే తొమ్మిదేళ్ళుగా ఉంటున్నాను. నా భార్యది పరా రాష్ట్రం, బెలెం. అక్కడ దాదాపు 70 శాతం పార్దులే, దేశంలోకెల్లా ఎక్కువ. వాళ్ళలో చాలామందికి ముత్తవ్వలు అమెజాన్ ఆదివాసులు. 1755లో పోర్చుగల్ రాజు ఆదివాసులను పెళ్ళాడిన తెల్లవాళ్ళకు ఏ అపకీర్తీ అంటదని చట్టం చేశాడు, ఆ పిల్లలను ‘కాబొక్లు’ అని తక్కువచేసి పిలవకూడదన్నాడు. ఆ తర్వాత రెండేళ్ళకే వచ్చిన నిబంధనలు ఆ ఆదివాసుల భాష నోటినుంచి రాకుండా పోర్చుగీసు రుద్దాయి. మా అత్తగారి వంటింట్లో మాత్రం ఇప్పటికీ తుకుపి మరుగుతుంది. కర్రపెండలం పిండిన పసుపురంగు రసం అది. పచ్చిగా తాగితే విషం, గంటలకొద్దీ మరిగిస్తేనే ఆహారం. ఆ పద్ధతి నేర్పింది ఆదివాసులు. ఆవిణ్ణి ‘నెగ్రు’ లెక్కలో వేస్తే ఆ ముత్తవ్వలు ఎక్కడికి పోయినట్టు?

పల్నాటి పిల్లోడు:
మన ఒంగోలు జాతి పశువులు కూడా అక్కడ ‘నెలోరి’ అన్న పేరుతో బోలెడు. మన నెల్లూరు పేరే అది.

సుభద్ర_వి:
నారాయణ గారూ, చామనచాయ అనేది ఒక మనిషి ఒంటి రంగు. మన ఇళ్ళల్లో అక్క చామనచాయ, చెల్లెలు తెలుపు అంటాం, ఇద్దరూ ఒకే ఇంటివాళ్ళే. పార్దు అనేది ప్రభుత్వం పెట్టిన గడి.

రామ్‌కీ గారూ, ఆదివాసీ పాలు లేదని నేను అనలేదు. ఆ కలయికను పాలకులు ఎందుకు మెచ్చుకున్నారో చూడండి. మొడెస్టు బ్రోకోస్ 1895లో ఒక బొమ్మ గీశాడు. మట్టి మీద నిలబడిన నల్లని అవ్వ రెండు చేతులూ ఆకాశానికెత్తి మొక్కుతోంది. పక్కన కూర్చున్న కూతురు అవ్వకన్నా లేత రంగు, అల్లుడు తెల్లవాడు, ఒళ్ళో పిల్లాడు తెల్లగా ఉన్నాడు. ఆ మొక్కు అందుకే. 1911లో రియో నేషనల్ మ్యూజియం డైరెక్టర్ లాసెర్దా లండన్ సభలో ఆ బొమ్మను ఆధారంగా చూపించి, ఇంకో వందేళ్ళలో మా దేశంలో నల్లవాళ్ళు ఉండరు అని చెప్పుకున్నాడు. అంతకుముందే, 1890లో, ఆసియా, ఆఫ్రికా వాళ్ళు పార్లమెంటు అనుమతి లేకుండా అడుగుపెట్టకూడదని డిక్రీ వచ్చింది. యూరప్ వాళ్ళకు మాత్రం తలుపులు బార్లా తెరిచారు. కాబట్టి ‘మేమంతా కలిసిపోయాం’ అనే మాట వినగానే కలిసి ఏమైపోవాలని కోరుకున్నారో అడగాలి.

నర్సాపురం నారాయణ:
గడి సంగతి సరే. చామనచాయ తప్పు మాట ఎలా అవుతుందో మీరు చెప్పలేదు. 1976లో అక్కడి సర్వేలో రంగు అడిగితే జనం నూటికి పైగా పేర్లు చెప్పారట. దాల్చినచెక్క రంగు, పాలు కలిపిన కాఫీ రంగు అని. మరి అవీ ఒంటి రంగులేగా!

విజయ్_ఖమ్మం:
ఆ ఒక్క మాట పట్టుకుని ఎంతసేపు, నారాయణ గారూ.

రామ్‌కీ_కాంపీనాస్:
మీరు బొమ్మలు చూపిస్తున్నారు, నేను మా ఇంటి పిల్ల సంగతి చెప్తాను. 2012 చట్టం ప్రకారం నల్లవారికి, పార్దులకి, ఆదివాసులకి కేంద్ర విశ్వవిద్యాలయాల్లో కోటా ఉంది. మా వదిన కూతురు పార్దు అని రాసి దరఖాస్తు పెట్టింది. పుట్టిన పత్రంలోనూ పార్దు అనే ఉంది. పరిశీలన కమిటీ అని ఐదుగురు కూర్చుని, తెల్ల గోడ ముందు నిలబెట్టి, ఇటు తిరుగు అటు తిరుగు అని చూసి, నీలో నల్లజాతి పోలికలు లేవని రాసి పంపారు. దేశంలో సగం మందిమని చెప్పుకోవడానికి మా పిల్ల నల్లది. సీటు దగ్గరికొస్తే కాదు. నాలుగు రోజులు అన్నం ముట్టలేదు అది. ఇదేనా మీ న్యాయమైన లెక్క?

సుభద్ర_వి:
ఆ పిల్లకు జరిగింది అన్యాయమే. కానీ అసలు ఆ కమిటీలు ఎందుకొచ్చాయి? తెల్లగా ఉన్నవాళ్ళు పార్దు అని రాసి సీట్లు ఎత్తుకుపోతుంటే నల్ల విద్యార్థులే పోరాడి తెచ్చుకున్నారు.

రామ్‌కీ_కాంపీనాస్:
2007లో బ్రసీలియా విశ్వవిద్యాలయంలో అచ్చుగుద్దినట్టుండే కవల అన్నదమ్ముల్లో ఒకణ్ణి నల్లవాడని, ఇంకొకణ్ణి కాదని తేల్చారు. ఫోటోలు చూసి! ఇదేం లెక్క అని దేశమంతా నిలదీసింది. అనకాపల్లిలో కూర్చుని పోరాటం గురించి చెప్పడం తేలికే మీకు.

సుభద్ర_వి:
అనకాపల్లిలో ముప్పైయేళ్ళు చరిత్ర చెప్పాను. ఊరు తక్కువని నా మాట తక్కువ కాదు.

విజయ్_ఖమ్మం:
ఇద్దరూ కొంచెం ఆగండి. రామ్‌కీ అన్నా, పోయిన నెల ఇదే వేదికలో నువ్వే రాసినవ్, మాల్‌లో సెక్యూరిటీ గార్డు మీ వెంటే తిరిగిండని. అప్పుడు నువ్వు ఏ గడిలో ఉన్నావో ఎవరు చెప్పిండ్రు? నీ ముత్తవ్వ ఎవరని అడగలే కదా. మా అమ్మానాన్నలది కులాంతర పెళ్ళి. ఇల్లు అద్దెకు చూస్తుంటే ఓనరు మా ఇంటిపేరు అడిగి, ఆ తర్వాత ఇల్లు ఖాళీ లేదన్నడు. నేను సగం సగం అని చెప్పుకున్నా ఆయనకు ఒక సగమే కనిపించింది.

రామ్‌కీ_కాంపీనాస్:
అదే నా బాధ, విజయ్. ఆ గార్డు చూపు తప్పు. అదే చూపును ఐదుగురికి కుర్చీలేసి ప్రభుత్వం ఎందుకు వాడాలి? జనగణనకు వచ్చినావిడ మా గుమ్మంలో నిలబడి ఐదు పేర్లు చదివింది: తెలుపు, నలుపు, పసుపు, పార్దు, ఆదివాసి. నా భార్య తనకు పార్దు అంది. బాబు దగ్గరికి వచ్చేసరికి నా ముఖం చూసింది. తెలుగు తండ్రి, పరా తల్లి. నేను నోరు మెదపలేకపోయాను. మనిషి తానెవరో తానే చెప్పుకోవాలి. నేను మొదటినుంచీ అంటున్నది ఇదొక్కటే.

సుభద్ర_వి:
ఇదే ముందు చెప్పి ఉంటే ఇంత దూరం వచ్చేవాళ్ళం కాదు. నేను అక్కడే మీతో విభేదిస్తాను. తానెవరో చెప్పుకునే హక్కు అందరికీ ఉండాలి. కానీ దెబ్బ తగిలేది ఎదుటివాడి చూపువల్ల. ఆ చూపును లెక్కలోకి తీసుకోకపోతే దెబ్బ తిన్నది ఎవరో తేలదు. మీ పిల్ల విషయంలో కమిటీ తప్పింది ఎక్కడంటే, చట్టం పార్దు అంటుంటే వాళ్ళు ఆఫ్రికా పోలికలే వెతికారు. ఆదివాసీ పోలికలు వాళ్ళ కంటికి ఆనలేదు.

రామ్‌కీ_కాంపీనాస్:
అదే మాట అప్పీలులో రాశాం. శుక్రవారం విచారణ. వాళ్ళమ్మ, అమ్మమ్మల ఫోటోలు కూడా జతచేశాం, చూస్తారో లేదో.

సుభద్ర_వి:
ఏం తేలిందో ఇక్కడే రాయండి. అనకాపల్లి మాట నేను మనసులో పెట్టుకోలేదు.

నర్సాపురం నారాయణ:
పార్దు అనే ఉంచుదాం. ఆ అమ్మాయికి సీటు రావాలి.