పిల్లి నోట్లోంచి విడిపించిన గువ్వ, ఇప్పుడేం చేయాలి?

మందారం:
అర్జెంటుగా సలహా కావాలి. అరగంట క్రితం పెరట్లో మా పిల్లి ఒక గువ్వను పట్టుకుంది. గట్టిగా అరిచి విడిపించాను. పెద్ద గాయమేమీ కనిపించడం లేదు. రెక్క కింద ఒక చుక్క రక్తం, నాలుగు ఈకలు ఊడాయి, అంతే. ఎడమ రెక్క మాత్రం కాస్త వేలాడుతోంది. బట్టల బుట్టలో పెట్టి పైన జల్లెడ బోర్లించాను. ఈకలు ఉబ్బించుకుని, కళ్లు సగం మూసుకుని కూర్చుంది. డ్రాపర్‌తో పాలు పడదామంటే నోరు తెరవడం లేదు. మా ఆయన "రెండు రోజులు ఉంచి చూద్దాం, అదే తేరుకుంటుంది" అంటున్నారు. మా పాప అప్పుడే పేరు కూడా పెట్టేసింది. గాయానికి ఇంట్లో ఉన్న ఆయింట్‌మెంట్ రాయవచ్చా? నొప్పికి మన మాత్రే కొంచెం పొడి చేసి ఇవ్వవచ్చా? ఇలాంటిది మొదటిసారి, చాలా టెన్షన్‌గా ఉంది.

తూనీగ:
మందారం గారూ, ముందు ఆ డ్రాపర్ పక్కన పెట్టేయండి. పాలూ వద్దు, నీళ్లూ వద్దు.

పన్నెండేళ్ల కింద నేను చేసిన పనే మీరూ చేయబోతున్నారు, అందుకే ఈ కంగారు. నాకు దొరికింది పిచ్చుక. దాహంగా ఉందేమోనని ముక్కు తెరిచి నీళ్లు పోశాను. ఒకసారి తల విదిలించింది, గొంతులో గుడగుడమంది, నిమిషంలో నా అరచేతిలోనే పోయింది. గాయంతో పోయిందనే చాలా రోజులు అనుకున్నాను. పక్షికి గాలి వెళ్లే రంధ్రం నాలుక మొదట్లోనే ఉంటుందని, మనం పోసినది సరాసరి ఊపిరితిత్తుల్లోకి దిగిపోవచ్చని ఒక వెటర్నరీ డాక్టరు పావురం నోరు తెరిచి చూపించాకే తెలిసింది. పాలైతే మరీ వద్దు, అందులోని లాక్టోజ్ పక్షులకు అరగదు. (గువ్వలు పిల్లలకు పాలు పడతాయంటారు కదా అని మీరు అడగవచ్చు. అది గొంతుసంచి గోడల నుంచి వచ్చే విరిగిన పెరుగులాంటి పదార్థం. మన పాలకూ దానికీ సంబంధం లేదు.)

మీరు "పెద్ద గాయమేమీ లేదు" అన్నారే, నన్ను భయపెట్టింది ఆ మాటే. పిల్లి కోరలు సూదుల్లాంటివి. దిగిన చోట చర్మం మళ్లీ దగ్గరికి వచ్చేస్తుంది, పైకి చుక్క రక్తమే కనిపిస్తుంది. పిల్లుల నోట్లో పాశ్చురెల్లా అనే బాక్టీరియా మామూలుగానే ఉంటుంది. పిల్లికి దానితో ఇబ్బంది లేదు కానీ, పిట్ట రక్తంలో చేరితే ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణం తీయగలదు. రెక్క సంగతి తర్వాత. యాంటీబయాటిక్ ఈరోజే పడాలి. మీ వారు చెప్పిన రెండు రోజులు దీని దగ్గర లేవు.

మన మాత్రలు అసలే వద్దు. గువ్వ మహా అయితే 200 గ్రాములు తూగుతుంది, ఎంత చిన్న ముక్క తుంచినా దానికి ఎక్కువే. పైగా మనకు మేలు చేసేది దానికి విషం కావచ్చు. దక్షిణాసియాలో రాబందులు కుప్పకూలింది పశువులకు వాడిన డైక్లోఫెనాక్ అనే నొప్పి మందు వల్లేనని 2004లో తేలింది. ఆ మందు ఎక్కించిన పశువు చచ్చాక దాన్ని తిన్న రాబందులకు కిడ్నీలు పాడయ్యాయి. ఆయింట్‌మెంట్ కూడా రాయకండి, జిడ్డు పట్టిన ఈకలు ఒంటి వేడిని నిలపలేవు.

ఇక బుట్ట. అందులోంచి దానికి మీరందరూ కనిపిస్తూనే ఉంటారు. అట్టపెట్టెకు చిల్లులు పొడిచి, అడుగున పాత చీర ముక్క పరిచి అందులోకి మార్చండి. టవల్ అయితే దారాల్లో గోళ్లు చిక్కుకుంటాయి. ఆ ఉబ్బిన ఈకలు, సగం మూసిన కళ్లు కునుకు కాదు, షాక్. మామూలుగా 40 డిగ్రీల పైన ఉండే ఒళ్లు చల్లబడుతోంది. వేడి నీళ్ల సీసాను బట్టలో చుట్టి పెట్టెలో ఒక పక్కనే పెట్టండి, వేడి ఎక్కువైతే రెండో పక్కకు జరిగే వీలుండాలి. మూత వేసి చప్పుడు లేని గదిలో ఉంచండి, మాటిమాటికీ తీసి చూడకండి. పాపకు చెప్పడం కష్టమే. కానీ మనం నిమిరితే దానికి అది ఇంకో పంజానే.

ఈలోగా దగ్గరున్న వన్యప్రాణి రెస్క్యూ వాళ్లకో, పక్షులను చూసే డాక్టరుకో ఫోన్ చేయండి. చేతులు సబ్బుతో కడుక్కోండి.

రాత్రిడ్యూటీ:
ఎందుకండీ ఇంత హడావిడి? పిల్లి పిట్టను పట్టడం ప్రకృతి. వదిలేయండి.

తూనీగ:
డేగ పట్టి ఉంటే నేనూ వేలు పెట్టను. ఈ పిల్లికి రెండు పూటలా గిన్నె నింపేది మనమే, ఇందులో ప్రకృతి ఎంతో నాకు అర్థం కాదు.

కానీ వదిలేయమన్న మాట ఒక చోట సరైనదే. ఒంటినిండా ఈకలుండి, తోక పొట్టిగా, నేల మీద గెంతుతూ కనిపించే పిల్లలకు చాలాసార్లు గాయమే ఉండదు, ఎగరడం నేర్చుకుంటుంటాయి. పిల్లిని లోపల పెట్టి మనం తప్పుకుంటే తల్లి వస్తుంది. ఈకలు రాని ఎర్రటి పిల్ల అయితే తిరిగి గూట్లో పెట్టేయవచ్చు. మనిషి వాసన తగిలితే తల్లి వదిలేస్తుందన్నది ఉత్తమాట.

చెట్టుతొర్ర:
మధ్యలో వస్తున్నాను, ఏమనుకోకండి. నిన్న సాయంత్రం మొక్కల మధ్య గబ్బిలం పడి ఉంటే చేత్తో ఎత్తి కొమ్మకు తగిలించాను. వేలి మీద చిన్న గీరు పడింది. ఏం కాదు కదా?

తూనీగ:
ఏం కాదని నేను అననండి. ఆ వేలిని ఇప్పుడే సబ్బు పెట్టి ధార కింద 15 నిమిషాలు కడగండి, కడిగి నేరుగా ఆసుపత్రికి వెళ్లి జరిగింది జరిగినట్టు చెప్పండి. అన్ని గబ్బిలాలకూ రేబిస్ ఉంటుందని కాదు. కానీ నేల మీద పడి, ఎత్తుతున్నా ఎగరలేనిదానికి ఏదో జబ్బు ఉండే అవకాశం ఎక్కువ. టీకా ముందే పడితే రేబిస్ ఆగుతుంది, లక్షణాలు మొదలయ్యాక దాదాపు ఎవరూ బతకరు. ఇంకోసారి ఇలా దొరికితే చేత్తో ముట్టకండి. పైన డబ్బా బోర్లించి, కిందినుంచి అట్ట తోసి, ఫోన్ చేయండి.

చెట్టుతొర్ర:
వెళ్లొచ్చాను. మొదటి డోసు వేశారు. ఇంట్లో చీవాట్లు కూడా పడ్డాయి.

మందారం:
ఐదు రోజులకు వస్తున్నాను, క్షమించండి. ఆ సాయంత్రమే పెట్టెతో సహా రెస్క్యూ వాళ్లకు అప్పగించాం. డాక్టరు ఈకలు తడిపి చూస్తే మేము చూసిన ఒక్క చుక్క కాదు, వీపు మీద ఇంకో రెండు పంటి గాట్లు ఉన్నాయి. ఎముక విరగలేదట, భుజం దగ్గర కండ నలిగిందట. నిన్న ఫోన్ చేస్తే గింజలు తనంతట తనే తింటోందన్నారు. రెక్క ఇంకా పూర్తిగా పైకి లేవడం లేదు, ఎగురుతుందో లేదో ఇప్పుడే చెప్పలేమన్నారు. మా పాప పెట్టిన పేరు వాళ్లకు చెప్పమని గొడవ చేస్తే చెప్పాను. అక్కడ దానికి నంబరేనట, 47.

పిల్లి లోపలే ఉంది, కిటికీలోంచి పెరటినీ నన్నూ మార్చి మార్చి చూస్తోంది. జల్లెడను మాత్రం ఎన్నిసార్లు కడిగినా మా అత్తయ్యగారు వంటింట్లోకి రానివ్వడం లేదు.