బుష్‌బ్రౌన్‌కు తెలుగులో ఏ పేరు పెడదాం?

బడి గోడపత్రికకు లంకమల అడవి జీవాల పేర్లు రాయిస్తున్నా. పక్షులూ చెట్లూ అయిపోయినాయి. బుష్‌బ్రౌన్ అనే చిన్న సీతాకోకచిలుక దగ్గర ఆగిపోయాం. ‘గోధుమరంగు సీతాకోకచిలుక’ అని రాస్తే సరిపోతుందా? ఇంగ్లిష్ పేరే ఉంచుదామంటే, కడపలో బ్రౌన్ అనగానే గుర్తొచ్చేది దొరే కదా!

*

గోధుమరంగు వద్దు మేడమ్. గోధుమ తాచు రంగు వేరు, ఇది అంతకన్నా బాగా ముదురు. సరిగ్గా చెప్పాలంటే ముక్కుపొడి రంగు. చీరల అంగట్లో ఆ మాట ఇప్పటికీ నడుస్తుంది.

అసలు రంగును నమ్మి దీనికి పేరు పెట్టలేం. వానాకాలంలో పుట్టిన వాటికి రెక్కల కింది వైపు అంచు వెంబడి కళ్లలాంటి చుక్కలు వరసగా ఉంటాయి: నల్లటి చుక్క, నడుమ తెల్లని బొట్టు, చుట్టూ పసుపు ఉంగరం. పిట్ట పొడిచినా ఆ చుక్క మీదే పొడుస్తుంది, రెక్క అంచు చినుగుతుంది, ప్రాణం దక్కుతుంది. ఎండాకాలం వాటికి ఆ కళ్లు చిన్న చుక్కలైపోతాయి. రెక్కలు మూసి రాలిన ఆకుల్లో కూర్చుంటే పక్కనే నిలబడినా కనబడదు. పురుగుగా పెరిగిన రోజుల వాతావరణాన్ని బట్టి ఈ తేడా వస్తుంది. రెండు వేషాలకూ సరిపోయే రంగుమాట ఎక్కడ తెస్తాం?

*

అన్న చెప్పింది నిజం. ఉండే చోటును బట్టి పేరు పెట్టడం మనవాళ్లకు అలవాటే. 1986లో ఈ లంకమల పొదల్లోనే మళ్లీ దొరికిన పక్షిని కలివికోడి అంటున్నాం, కలివి పొదల్లో తిరుగుతుందని. ఇదీ అంతే. ఎండలోకి పెద్దగా రాదు. వంక గట్టున, చెట్ల నీడన, మోకాలెత్తు దాటకుండా ఎగురుతూ దిగుతూ పోతుంది. పూల దగ్గర వెతికితే లాభం లేదు. రాలి మురిగిన మేడిపండ్ల మీద చూడండి, ముందుకాళ్లు రెండూ ముడుచుకుని నాలుగు కాళ్ల మీదే నిలబడి రసం పీలుస్తుంటుంది. గుడ్లు పెట్టేది గడ్డి మీద. పశువులు గడ్డిని మొదలంటా మేసేసిన చోట ఇది ఉండదు.

ఇంకోటి. దీని పిల్లను గొంగళిపురుగు అని రాయకండి. గొంగడి కప్పుకున్నట్టు బొచ్చు ఉన్నదానికి ఆ పేరు తగుతుంది. దీని ఒళ్లు దాదాపు నున్నగా ఉండి, తల మీద రెండు చిన్న కొమ్ములుంటాయి.

*

అట్లయితే ‘పొదనీడ చిలుక’?

*

ఒట్టి చిలుక అంటే పిల్లలు రామచిలుక బొమ్మ వేస్తారు మేడమ్.

*

సరే, ‘పొదనీడ సీతాకోకచిలుక’ అని రాయిస్తా. అట్టమీద పట్టకపోతే రెండు వరసల్లో. పురుగును ‘కొమ్ముల పురుగు’ అంటే మీకెవరికైనా అభ్యంతరమా?