దాహం వేశాక తాగాలా, వేయకముందే తాగాలా?

పల్నాటి_ఎండ:
మా ఇంట్లో రోజూ ఇదే గొడవ. మా ఆవిడ గంటకోసారి ఫోన్లో అలారం పెట్టి గ్లాసుడు నీళ్లు తాగిస్తోంది. రోజుకు మూడు లీటర్లట. "దాహం వేసిందంటే అప్పటికే ఆలస్యమైనట్టు" అంటుంది. నాకేమో దాహం లేకుండా గొంతు దిగవు. గేదెకి ఎవరు పెట్టారండీ అలారం? తెలిసినవాళ్లు తీర్పు చెప్పండి.

ఫిజియాలజీ_మేష్టారు:
గేదె మాట నిజమే. మెదడు అడుగున, హైపోథాలమస్ అనే భాగం ముందువైపు దాహాన్ని కనిపెట్టే చిన్న చిన్న చోట్లు ఉన్నాయి. రక్తానికీ మెదడుకీ నడుమ ఉండే కంచె అక్కడ పలచన. అందుకే రక్తం ఒకటి రెండు శాతం చిక్కబడినా వాటికి తెలిసిపోతుంది, దాహం వేస్తుంది. అంతకుముందే వాసోప్రెసిన్ అనే హార్మోను బయల్దేరి, మూత్రంలో పోయే నీళ్లను మూత్రపిండాలతో వెనక్కి పట్టిస్తుంది. ఇంత కాపలా ఉండగా ఆలస్యం ఎక్కడిది?

ఈ లీటర్ల లెక్క కథ కూడా వినండి. 1945లో అమెరికా పోషకాహార మండలి రోజుకు రెండున్నర లీటర్లు అంది. అందులో ఎక్కువ భాగం తినే తిండిలోనే ఉంటుందని వెంటనే రాసింది కూడా. జనం మొదటి ముక్క పట్టుకుని రెండోది వదిలేశారు.

హాఫ్_మారథాన్_కుర్రాడు:
మేష్టారికి నా ఓటు. 2002 బోస్టన్ మారథాన్‌లో 488 మంది రక్తం పరీక్షిస్తే 13 శాతం మందికి సోడియం, అంటే రక్తంలోని ఉప్పు, తగ్గిపోయి ఉంది. దారిలో నీళ్లు ఎక్కువ తాగేసి, పరుగయ్యేసరికి బరువు పెరిగినవాళ్లే అందులో ఎక్కువ.

స్లాబ్_మేస్త్రి:
అందరూ ఫ్యాను కింద కూర్చుని చెప్తున్నారు. మే నెలలో స్లాబ్ మీదికి రండి. మా కుర్రాళ్లు చల్లటి నీళ్లు గటగటా తాగి "చాలన్నా" అంటారు. గంట తిరక్కుండా కళ్లు తిరిగి కూలబడతారు. దాహం తీరిందని చెప్పిన మెదడే కదా మేష్టారూ మోసం చేసింది?

ఫిజియాలజీ_మేష్టారు:
అన్నా, ఇక్కడ దొరికిపోయాను. తాగిన నీళ్లు రక్తంలో కలవడానికి పది నిమిషాలు పైనే పడుతుంది. కానీ దాహపు కణాలు అంతసేపు ఆగవు. నోరు, గొంతు పంపిన కబురుతోనే నిమిషంలో సద్దుమణుగుతాయి. ఎలుకల మెదళ్లలో ఇది స్పష్టంగా చూశారు. అంటే మెదడు ఇచ్చేది ముందస్తు అంచనా, తుది లెక్క కాదు.

పైగా చెమటతో ఉప్పు కూడా పోతుంది. దాని మీద ఉత్త నీళ్లు తాగితే రక్తం పలచబడి, లోటు పూడకముందే దాహం ఆగిపోతుంది. ఎండలో పనిచేసేవాళ్లకి దాహం ఒక్కటే చాలదు, ఒప్పుకుంటున్నా. ఉప్పేసిన మజ్జిగో, ఓఆర్‌ఎస్సో ఇప్పించండి.

స్లాబ్_మేస్త్రి:
మజ్జిగ ఇస్తున్నాం. ఉప్పు సంగతి ఇప్పుడు తెలిసింది.

అలారం_పెట్టింది_నేనే:
మొదటి పోస్టు పెట్టినాయన మా ఆయనే. అసలు అలారం ఎందుకొచ్చిందో రాయలేదు చూశారా. పోయిన వేసవిలో మా అత్తయ్య రెండు రోజులు మగతగా పడుంది. నాలుక పిడచకట్టుకుపోయింది. సెలైన్ ఎక్కించాక గానీ మనిషి కాలేదు. "దాహం వేయలేదే అమ్మాయ్" అంది. ఆవిడకి 78.

ఫిజియాలజీ_మేష్టారు:
ఆవిడ అబద్ధం చెప్పలేదమ్మా. వయసు మళ్లితే ఈ కాపలా మందగిస్తుంది. 1984లో కుర్రాళ్లనీ, అరవై ఏడు దాటిన ఆరోగ్యవంతుల్నీ 24 గంటలు నీళ్లు లేకుండా ఉంచారు. పెద్దవాళ్లకి దాహం తక్కువ వేసింది. నీళ్లిచ్చాక కూడా తక్కువే తాగారు. అత్తయ్యగారి అలారం ఉంచండి. గుండెకో కిడ్నీకో మందులు వాడుతుంటే మాత్రం ఎంత తాగించాలో డాక్టర్నే అడగండి.

పల్నాటి_ఎండ:
సరే, అమ్మది ఉంచు. నాది తీసెయ్.

అలారం_పెట్టింది_నేనే:
మీకూ 61 వచ్చాయి. గంటకోసారి కాదు, రెండు గంటలకి మారుస్తాను.